కళ్ళు లేని ప్రాణికి పెట్టిన పేరు

పోయిన నెల శ్రావంతి అనే అమ్మాయి మెట్టుగూడలోని మా ఇంటికి వచ్చింది. నేను రిటైరైన జంతుశాస్త్ర పరిశోధన ఆఫీసులోనే, నేను కూర్చున్న గదిలోనే కొత్తగా చేరింది. గుహల్లోనూ నేల అడుగు నీళ్ళలోనూ బతికే జంతువుల మీద పని చేస్తుంది. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, "మేడం, ఈ పని అసలు ఎట్ల ఉంటది? మీరైతే నిజం చెప్తరని వచ్చిన," అంది. ఆమెతోపాటు ఇప్పటి ఆఫీసు పెద్ద కూడా వచ్చాడు, నన్నేదో సన్మానానికి పిలవడానికి. ఆయన ఎదురుగా ఉంటే ఏం చెబుతాను? మంచి పని, ఓపిక కావాలి, దేశానికి సేవ అని నాలుగు తియ్యటి ముక్కలు చెప్పి, టీ ఇచ్చి పంపాను.

వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయి గేటు దగ్గర ఆగింది. నాపరాళ్ళ గనుల పక్కన ఒక పాత బావిలో తెల్లటి, కళ్ళు లేని ప్రాణి దొరికిందట. ఎన్నిసార్లు వల వేసినా అన్నీ ఆడవే వస్తున్నాయట. "మగది దొరికేదాంక పేరు పెట్టద్దంటున్నరు మా సార్. ఆగాల్నా మేడం?" అని అడిగింది. ఇంతలో సారు కారులోంచి హారన్ కొట్టాడు. ఆమె వెళ్ళిపోయింది.

ఇప్పుడు రాస్తున్నది ఆ ప్రశ్నకు జవాబు. అడిగింది శ్రావంతే అయినా, ఈ పనిలోకి వచ్చే ఎవరైనా చదువుకోవచ్చు. నా ప్రమోషన్ల గురించి, నాకు కప్పిన శాలువాల గురించి ఇందులో ఏమీ ఉండదు. శాలువాలు మా ఇంట్లో బియ్యం డబ్బాల మీద కప్పడానికి పనికొచ్చాయి.

ముందు వాసన గురించి

గుహ అనగానే చల్లగా, ప్రశాంతంగా ఉంటుందనుకుంటారు. మన గుహలు అలా ఉండవు. లోపలికి పోయేకొద్దీ ఉక్క పెరుగుతుంది. గబ్బిలాల పెంట ఘాటుకి గొంతు పట్టేస్తుంది. పల్లంగా ఉన్న చోట చెడుగాలి నిలబడి, పది అడుగులు వేస్తే పరుగెత్తినంత ఆయాసం వస్తుంది. తలనొప్పి మొదలైందంటే మారుమాట లేకుండా బయటికి రావాలి. ఉండిపోయి ధైర్యం చూపించాలనుకునేవాళ్ళు ఈ పనికి పనికిరారు. నా మోకాళ్ళు, ఊపిరితిత్తులు రెండూ గుహలకే ఇచ్చేశాను. ఇప్పుడు మా చర్చి మెట్లు ఎక్కాలన్నా రెండుసార్లు ఆగుతాను.

మా ఆయన పేరు శామ్యూల్, హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. నేను క్యాంపు నుంచి వచ్చానని ఆయనకి వీధి మలుపులోనే తెలిసిపోయేదట. "గబ్బిలాల మహారాణి వచ్చిందమ్మా! లోపలికి రాకు, ముందు డాబా మీదకెళ్ళి ఆ బట్టలు విప్పి తగలెయ్," అనేవారు. నవ్వుతూనే బకెట్ నీళ్ళు పైకి మోసుకొచ్చేవారు. ఉద్యోగమంతటిలో నాకు అందిన గౌరవం ఏదైనా ఉందంటే ఆ బకెట్టే.

ఇక లోపలి ప్రాణుల సంగతి. గుహలో తిండి పుట్టదు. ఆకు పెరగాలంటే ఎండ కావాలి, అక్కడ ఎండ లేదు. అంతా బయటినుంచే రావాలి. వరద తెచ్చే ఆకులు, పుల్లలు, ముఖ్యంగా గబ్బిలాల పెంట. గబ్బిలం బయట తిని వచ్చి లోపల వేస్తుంది, దాని మీద బూజు పడుతుంది, బూజు తినే పురుగులు, వాటిని తినే సాలీళ్ళు. గబ్బిలం వెళ్ళిపోయిందంటే ఆ ఇంట్లో పొయ్యి ఆరిపోయినట్టే. ఈ ఒక్క సంగతి తెలియనివాళ్ళు గుహల గురించి నిర్ణయాలు తీసుకోవడం నేను ఉద్యోగమంతా చూశాను.

తరతరాలుగా చీకట్లో ఉన్న ప్రాణికి కళ్ళు పోతాయి, రంగు పోతుంది. అవి దండగ కాబట్టి. బదులుగా మీసాలు పొడుగవుతాయి, కాళ్ళు సాగుతాయి, వాటితోనే తడుముకుంటూ, వాసన పట్టుకుంటూ బతుకుతాయి. తిండి తక్కువ కాబట్టి నిదానంగా పెరుగుతాయి, గుడ్లు తక్కువ పెడతాయి. అందుకే ఒకసారి దెబ్బ తింటే కోలుకోలేవు. బయట చెరువులో పురుగుని ఊడ్చేసినా మళ్ళీ వానాకాలానికి నిండిపోతుంది. గుహ మడుగులో అలా జరగదు.

నీటి బియ్యం

ఆ గుహ పేరు రాయను. కర్నూలు వైపు, నాపరాళ్ళ నేలలో ఉందని చెబితే చాలు. కంకర దారిలో నడిచి, పొట్ట మీద పాక్కుంటూ పోతే లోపల ఒక మడుగు ఉండేది. నీళ్ళు ఎంత తేటగా ఉండేవంటే, లైటు పడితే నీళ్ళున్నాయని తెలియక కాలు వేసేవాళ్ళం.

అలాంటి నీళ్ళలో బతికే ప్రాణులను పట్టడానికి నా దగ్గర ఒక పద్ధతి ఉండేది. మా అమ్మ పుట్టిల్లు బందరు దగ్గర. అక్కడినుంచి ఏటా ఎండు రొయ్యలు వచ్చేవి. చిన్న సీసాలో నాలుగు ఎండు రొయ్యలు వేసి, మూతికి గరాటు బిగించి, నీళ్ళ అడుగున పెట్టి, మర్నాడు తీసేదాన్ని. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మా నాన్న ఆ గరాట్లు రేకుతో చేసి ఇచ్చేవారు. అమ్మ మాత్రం, "కూరలోకి పంపిస్తే పురుగులకి మేపుతోంది," అని చుట్టాలందరికీ చెప్పుకుంది.

మొదటిసారి సీసా పైకి తీసినప్పుడు అడుగున తెల్లగా ఏవో కదిలాయి. రొయ్యకి దూరపు చుట్టాలు, ఒక్కొక్కటి బియ్యపు గింజంత. కళ్ళు లేవు, కళ్ళుండాల్సిన చోట గుర్తు కూడా లేదు. ఒంటికి రెండింతల మీసాలు. ఒకదాని పొట్ట కింద సంచిలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని గుడ్లు. అలాంటి ప్రాణి గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదని అప్పుడే అనిపించింది.

బయటికొచ్చి, అక్కడ మేకలు కాసే ఓబులేసుకి చూపించాను. అతనికి వింతేమీ కాలేదు. "నీటి బియ్యం గదా మేడం. కరువులో ఆ మడుగు నీళ్ళే తాగుతాం. గుడ్డలో వడగట్టి, అవిటిని మళ్ళీ నీళ్ళలోకే ఇడిచేస్తాం," అన్నాడు. ఆ పేరు నాకు నచ్చింది. శాస్త్రం కోసం పెట్టే లాటిన్ పేరులో కూడా బియ్యమనే అర్థం రావాలని ఆ రోజే అనుకున్నాను.

మగది కావాలి

ఆ పేరు ఎందుకు పెట్టలేకపోయానో చెప్పాలంటే మా శాస్త్రవేత్తల ఆచారం ఒకటి చెప్పాలి. ఇలాంటి ప్రాణుల్లో ఒక జాతి ఆడదీ ఇంకో జాతి ఆడదీ చాలాసార్లు ఒకేలా కనిపిస్తాయి. మగవాటి పొట్ట కింద కాళ్ళు మాత్రం జాతికొక తీరుగా ఉంటాయి. అందుకని మగది చేతికి వచ్చేదాకా కొత్త జాతి అని ప్రకటించకపోవడం మాలో అలవాటు. గుర్తుంచుకోండి, అది అలవాటే. పేర్లు పెట్టే నిబంధనల పుస్తకంలో మగది ఉండి తీరాలని ఎక్కడా లేదు. ఆ పుస్తకం నేను అట్ట నుంచి అట్టదాకా చదివాను.

నా సీసాల్లో మాత్రం ఎప్పుడూ ఆడవే. ఎండాకాలం వెళ్ళినా ఆడవే, వానలు తగ్గాక వెళ్ళినా ఆడవే. మగవి రాతి పగుళ్ళలో లోతుగా ఉండి మడుగులోకి అరుదుగా వస్తాయని నా ఊహ.

మా పెద్ద సారు నర్సింగరావు గారు, హైదరాబాదులో తాతల నాటి నుంచి ఉన్న కుటుంబం. నేను వేసిన బొమ్మలన్నీ పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను. ఆయన చూడను కూడా చూడలేదు.

"ఏందమ్మా సుజాతా, మగది లేకుంట పేపర్ ఎట్ల పంపుతవ్? రేపు ఇంకోడొచ్చి గిది పాతదే అంటే మన ఇజ్జత్ ఏమైతది?"

"ఆడవాటిలోనే తేడాలు స్పష్టంగా ఉన్నాయి సార్. ఆ గుహ రేపు ఎలా ఉంటుందో తెలియదు."

"గుహ ఏడికి పోతదమ్మా? లక్షల ఏండ్ల సంది ఉన్నది. నువ్వు పరేషాన్ గాకు. జెర ఓపిక పట్టు."

ఆయన మూర్ఖుడు కాదు, లంచగొండి అంతకన్నా కాదు. పేడపురుగుల గురించి ఆయనకు తెలిసినంత ఈ దేశంలో ఇంకొకరికి తెలియదనే ఇప్పటికీ అంటాను. కానీ కుర్రతనంలో ఎప్పుడో, అంతకుముందే పేరున్న పురుగుకి కొత్త పేరు పెట్టి పెద్దల సభలో నవ్వులపాలయ్యాడు. అప్పటినుంచి భయం. ఆ భయాన్నే ఆయన శాస్త్రీయ దృష్టి అని పిలుచుకున్నాడు. మాకందరికీ అదే నూరిపోశాడు. ఆయన సంతకం లేనిదే ఆఫీసు నుంచి ఒక్క కాగితం బయటికి పోదు. మా అమ్మాయి బళ్ళో చేరినప్పుడు మొదలైన నా ఎదురుచూపు ఆమె ఇంటరు పాసయ్యేదాకా సాగింది.

పేరేంటమ్మా దానికి?

అప్పుడు వచ్చింది గుహకి లైట్లు పెట్టాలన్న ఆలోచన. టూరిస్టులు వస్తారు, మెట్లు కట్టాలి, రంగురంగుల దీపాలు పెట్టాలి అన్నారు. అక్కడి జనం అది కోరుకోవడంలో నాకు తప్పు కనిపించలేదు. కరువు నేల, నాలుగు టీ బండ్లు పెట్టుకున్నా నాలుగు కుటుంబాలు తింటాయి. నేనడిగింది ఒక్కటే. ముందు గదుల్లో ఏం చేసుకున్నా సరే, లోపలి మడుగునీ దాని మీద వేలాడే గబ్బిలాలనూ వదిలేయండి అని.

మీటింగుకి నర్సింగరావు గారూ నేనూ వెళ్ళాం. ఆ పనికి వేసిన కమిటీకి ఒక చైర్మన్ ఉండేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు, నవ్వుతూ మాట్లాడతాడు. ఫైలు రాసే అధికారి నేను చెప్పిందంతా విని పెన్ను తీశాడు.

"పేరేంటమ్మా దానికి?"

"ఇంకా పెట్టలేదండీ."

"పేరే లేనిదాన్ని ఫైల్లో ఏమని రాయమంటారు? తెల్ల పురుగు అని రాయనా?"

గదిలో అందరూ నవ్వారు. చైర్మన్ గారు కూడా నవ్వి, "పేరు కూడా లేని పురుగు కోసం మా ఊళ్ళ బతుకుదెరువు ఆపుతావా తల్లీ?" అన్నాడు. నేను మా సారు వైపు చూశాను. ఆ ప్రాణి కొత్తది, ప్రపంచంలో ఇంకెక్కడా లేదని ఆయన నోటి నుంచి ఒక్క మాట వస్తే చాలు. ఆయన గొంతు సవరించుకుని, "అది ఇంకా పరిశీలనల ఉన్నది సార్," అని కూర్చున్నాడు. ఫైల్లో తెల్ల పురుగు కూడా ఎక్కలేదు.

తిరుగు రైల్లో ఆయన నాకు చిక్కీ కొనిపెట్టాడు. నేను తినలేదు.

మోటారు

కొన్ని వారాల తర్వాత ఓబులేసు ఫోన్ చేశాడు. "మేడం, మడుగుకి మోటారు పెట్టినారు. మీ బియ్యమంతా బయటికి వస్తాండాయి," అన్నాడు.

నేను వెళ్ళేసరికి మోటారు ఇంకా ఆడుతూనే ఉంది. గుహ నోట్లోంచి నల్లటి గొట్టం బయటికి తెచ్చి, నాపరాళ్ళ మీద వదిలేశారు. మిట్టమధ్యాహ్నం. రాయి మీద చెయ్యి పెడితే కాలుతోంది. నీళ్ళు పారిన దారి పొడుగునా తెల్లటి గింజలు. ఎక్కడివక్కడ ఎండి రాయికి అతుక్కుపోతున్నాయి. గొట్టం మూతి దగ్గర ఉన్నవి ఇంకా మీసాలు ఆడిస్తున్నాయి. ఎండ అంటే ఏమిటో వాటికి చూపు లేకపోయినా తెలిసినట్టుంది, అన్నీ ఒకదాని కింద ఇంకోటి దూరాలని చూస్తున్నాయి.

నేను మోకాళ్ళ మీద కూర్చుని ఒకదాన్ని తీసి భూతద్దం కింద పెట్టాను. మగది. ఇంకోటి తీశాను. అదీ మగదే. పగుళ్ళలోని నీళ్ళు కూడా మోటారు లాగేసింది కదా, లోతుల్లో ఉన్నవన్నీ వచ్చేశాయి. నేను ఊహించింది నిజమే.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ క్షణంలో నాకు మొదట కలిగింది సంతోషం. మగది దొరికింది! అని గట్టిగా అరిచాను కూడా. పక్కనున్న ఓబులేసు నా మొహంలోకి అదోలా చూశాడు. మా పని మనిషిని ఇలా తయారుచేస్తుంది. ఆ అరుపు గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది, నా మీద కాదు, నన్ను ఆ ఒక్క దాని కోసం అన్నేళ్ళు ఆకలితో కూర్చోబెట్టిన ఆచారం మీద.

ఇంజనీరు దగ్గరికి పరుగెత్తాను. ఒక్క మూల నీళ్ళన్నా ఉంచమని బతిమాలాను. "రేపు కాంక్రీటు పడాలి మేడం. మాకు పైనుంచి ఆర్డరు," అన్నాడతను. అతన్ని ఏమనగలను? ఫైల్లో లేని ప్రాణి గురించి అతనికెవరు చెబుతారు? వెనక్కి వచ్చి, ఆడవీ మగవీ ఏరి స్పిరిట్ సీసాల్లో వేసుకున్నాను. బతికున్న వాటిని ఓబులేసు కుండలో నీళ్ళు పోసి వేశాడు. ఊళ్ళోకి వెళ్ళేలోపు అవీ చచ్చిపోయాయి.

మెట్లూ గట్టూ కట్టడం పూర్తయ్యాక మడుగు అందంగా ఉండాలని ట్యాంకరుతో నీళ్ళు తెచ్చి నింపారు. అడుగున నీలం లైటు పెట్టారు.

చైర్మన్ గారి పేరు

మగది దొరికింది కాబట్టి నర్సింగరావు గారికి ఇక భయం లేదు. నేను ఇంట్లో కూర్చుని బొమ్మలన్నీ మళ్ళీ వేశాను, మీసం కణుపు కణుపూ, కాలి వెంట్రుక వెంట్రుకా. పేరు దగ్గర బియ్యమనే అర్థం వచ్చే లాటిన్ మాట రాసి ఇచ్చాను. అచ్చయి వచ్చిన పేపరులో రచయితల్లో మొదటి పేరు సారుది. ఆ ప్రాణి పేరు చైర్మన్ గారిది. గుహను ప్రజలకు తెరిచి విజ్ఞానానికి చేసిన సేవకు గుర్తుగా, అని కింద ఒక వాక్యం.

పేపరు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను. ఉద్యోగంలో అదొక్కసారే గొంతు పెంచాను. "దాన్ని చంపినవాడి పేరు దానికే పెడతారా సార్?" అన్నాను.

"పేరుల ఏమున్నదమ్మా? ఆయన మన మ్యూజియంకి ఏసీలు ఇప్పిస్తనన్నడు. నీ సీసాలు సుత చల్లగుంటయ్ గద," అన్నాడాయన, నిజంగా నా మంచి కోరుతున్నట్టే.

నిబంధనల పుస్తకంలో మగది ఉండాలన్న మాట లేదని చెప్పాను కదా. ఒకసారి సరిగ్గా పెట్టిన పేరు, నచ్చలేదనో తగదనో మార్చకూడదన్న మాట మాత్రం ఉంది. ఈ భూమ్మీద శాస్త్రం ఉన్నంతకాలం ఆ కళ్ళు లేని ప్రాణి, తన ఇంట్లో లైటు వెలిగించినవాడి పేరుతోనే ఉంటుంది. ఏసీలు మాత్రం రాలేదు.

సిమెంటు బొమ్మ

ఈ మధ్య మా చర్చి స్త్రీల సమాజం వాళ్ళు బస్సు మాట్లాడుకుని ఆ గుహకే విహారయాత్ర పెట్టారు. నేను రానన్నాను. మా సుగుణ వదిన ఊరుకుంటుందా? "నువ్వు పని చేసిన చోటు మాకు నువ్వు చూపించకపోతే ఎవరు చూపిస్తారే? నోరు మూసుకుని బస్సెక్కు," అని లాక్కుపోయింది. హ్యాండ్‌బ్యాగులో ఒక సీసా, నాలుగు ఎండు రొయ్యలు వేసుకున్నాను. ఎందుకో ఆశ.

గుహ గేటు దగ్గర సిమెంటుతో ఒక బొమ్మ కట్టారు. గేదె దూడంత ఉంది. కింద బోర్డు మీద చైర్మన్ గారి పేరుతో ఆ ప్రాణి పేరు. బొమ్మకి రెండు పెద్ద కళ్ళు, వాటికి నల్లటి రెప్పలు కూడా. పిల్లలు దాని మీదెక్కి ఫోటోలు దిగుతున్నారు. దానికి కళ్ళుండవని అక్కడి గైడుకి చెప్పాను. "తెలుసు మేడం. కళ్ళు లేకపోతే పిల్లోళ్ళు జడుసుకుంటారని పెయింటరే పెట్టినాడు," అన్నాడు.

లోపల మెట్లున్నాయి, రెయిలింగుంది. లైట్లున్న చోటల్లా రాతి మీద పాకుడు పచ్చగా పట్టింది. చీకట్లో రాని పాకుడు. పైకి చూస్తే ఒక్క గబ్బిలం లేదు. నీలం మడుగు అడుగున జనం మొక్కుకుని వేసిన చిల్లర మెరుస్తోంది. నేను సీసా తీసి వంగానో లేదో, గైడు వచ్చాడు. "నీళ్ళలో ఏమీ వెయ్యకూడదు మేడం. గుహని కాపాడుకోవాల," అన్నాడు. ఆ రొయ్యల సీసా అలాగే బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను. బస్సంతా వాసన వస్తోందని అందరూ ముక్కులు మూసుకున్నారు. సుగుణ వదిన మాత్రం నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

గేటు దగ్గర అడిగినదానికి

శ్రావంతీ, నీ బావి పక్కన గనులున్నాయని చెప్పావు. గని లోతు పెరిగితే వాళ్ళూ మోటారు పెడతారు. అప్పుడు నీకు మగవి కావలసినన్ని దొరుకుతాయి. రాళ్ళ మీద ఎండుతూ దొరుకుతాయి. ఆ రోజు మీ సారు నీ వీపు తట్టి, సంతకం పెట్టి, తనకు కావలసినవాళ్ళ పేరు దానికి పెడతాడు.

నీ దగ్గర ఆడవి ఉన్నాయి. శాస్త్రానికి అవి చాలు. నిబంధనల పుస్తకం తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టు, మగది కావాలని ఎక్కడుందో చూపించమను. కోప్పడతాడు, బదిలీ చేస్తానంటాడు. చెయ్యనీ. నా బొమ్మలన్నీ అటక మీద ఉన్నాయి. స్కూటీ వేసుకుని రా, నీ జంతువు మీసం దగ్గర మొదలుపెట్టి ఇద్దరం కూర్చుని వేద్దాం. ఆ బావి నీళ్ళు తాగేవాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారో ముందు అడుగు. ఆ పేరే పెట్టు.

అవి ఇంకా నీళ్ళలో ఉండగానే పెట్టు.